ఐదేళ్ల ప్లాన్ బ్యాంకుకి ఇవ్వండి, మీరు మాత్రం పదమూడు వారాలది రాసుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. విశాఖ మధురవాడలో మూడేళ్లుగా వంటశాల నడుపుతున్నారు. రోజుకు 400 భోజనాలు వెళ్తున్నాయి, అందులో సగం ఒకే ఐటీ కంపెనీకి, మిగతావి హాస్టళ్లకీ చిన్నాచితకా ఆఫీసులకీ. భోజనం 80 రూపాయలు, సరుకులు, గ్యాసు, ప్యాకింగు, డెలివరీ పోను 25 మిగులుతోంది. అద్దె, జీతాలు, కరెంటు కలిపి నెలకు లక్షా 80 వేలు. ఇప్పుడు ఆనందపురం వైపు 38 లక్షల లోనుతో పెద్ద వంటశాల కట్టాలని ఉంది. బ్యాంకు వాళ్లు ఐదేళ్ల ప్రొజెక్షన్ అడిగారు. "వచ్చే నెల నూనె రేటే తెలియనివాడిని, ఐదేళ్ల లెక్క ఎక్కడి నుంచి తేవాలి, అసలు ఈ రోజుల్లో ప్లాన్ వేసుకోవడంలో అర్థముందా" అని మీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. ప్లాన్ కావాలి. కానీ జరగబోయేది ఊహించడానికి కాదు, ఏది జరిగితే ఏం చేస్తారో ముందే తేల్చుకోవడానికి. 38 లక్షలు మాత్రం ఇప్పుడు వద్దు. ఎప్పటికీ వద్దని కాదు, ఆ ఒక్క కంపెనీ మీద ఆధారం సగం నుంచి మూడో వంతుకు తగ్గేదాకా వద్దు. ఈలోపు పెరగడానికి కట్టడం తప్ప వేరే దారులున్నాయి, కింద రాస్తాను.

నేనెవరినంటే, గాజువాక ఆటోనగర్‌లో 1999 నుంచి అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నాను. రొయ్యల ఎగుమతిదారులకి మాస్టర్ కార్టన్లు (చిన్న ప్యాకెట్లన్నీ సర్దే పెద్ద పెట్టెలు), పరవాడ వైపు మందుల కంపెనీలకి మామూలు పెట్టెలు చేస్తాం. రెండుసార్లు మునిగాను, రెండుసార్లూ తేలాను. వంటల్లో నాకు తినడం తప్ప ఏమీ రాదు, కాబట్టి మీ లైనులో చిన్న చిన్న తప్పులు చెబితే సర్దుకోండి.

మీరు అంకెలన్నీ ఇచ్చారు కానీ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదనిపించింది. నెలకు 26 రోజులనుకుంటే, రోజుకు ఒక్క భోజనం పెరిగినా తగ్గినా నెలకు 650 రూపాయల తేడా. లక్షా 80 వేలని 650తో భాగించండి, 277 వస్తుంది. అంటే రోజుకు 277 భోజనాల దగ్గర మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. 400 అమ్ముతున్నారు కాబట్టి నెలకు 80 వేలు మిగులుతోంది. బాగానే ఉంది. ఇప్పుడు 38 లక్షలకి 11 శాతం వడ్డీ, ఏడేళ్లు వేసి చూడండి, ఈఎంఐ దాదాపు 65 వేలు. లాభమూ నష్టమూ లేని ఆ గీత 277 నుంచి 377కి లేస్తుంది. (పాత చోట అద్దె తగ్గుతుంది కదా అంటారేమో, పెద్ద వంటశాలకి మనుషులూ వ్యానూ పెరుగుతారు కాబట్టి దానికీ దీనికీ చెల్లు వేశాను.) నూనె, బియ్యం, ఉల్లి కలిసి భోజనానికి ఐదు రూపాయలు పెరిగి, కంపెనీవాళ్లు రేటు పెంచడానికి ఒప్పుకోలేదనుకోండి, మిగులు 20కి పడుతుంది. అప్పుడు రోజుకు 471 అమ్మితే గానీ ఒడ్డెక్కరు.

ఇక ఆ ఐటీ కంపెనీ "వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని" అందనుకోండి, లేదా మొత్తానికే వేరేవాళ్లని పెట్టుకుందనుకోండి. మొత్తానికే పోతే, లోను లేనప్పుడు నెలకు 50 వేలు నష్టం. ఉంటే లక్షా 15 వేలు. మొదటిది ఆర్నెల్లు ఈదుకొస్తారు. రెండోదానికి ఇంట్లో బంగారం బయటికి తీయాలి. మీ ప్రశ్న అంతా నూనె రేటు చుట్టూ తిరిగింది గానీ, మీ అసలు టెన్షన్ నూనె కాకూడదు.

నూనె చిన్న విషయమని కాదు. 2024 సెప్టెంబర్‌లో, సరిగ్గా దసరా ముందు, ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకం 5.5 శాతం నుంచి ఒక్కసారిగా 27.5 శాతానికి పెంచారు. మళ్లీ 2025 మే నెలాఖరులో 16.5కి దించారు. ఈ రెండు తేదీల్నీ ముందుగా ఎవరూ మీకు చెప్పి ఉండరు. చెప్పనక్కర్లేదు కూడా. నూనె రేటు ఎగురుతుంది, పడుతుంది అన్నది తెలిసినదే, ఎప్పుడన్నదే తెలియదు. ఇలాంటివాటికి కంపెనీతో రాసుకునే కాగితంలోనే ఒక వాక్యం పెట్టుకోవాలి: మూడు నెలలకోసారి సరుకుల రేట్లు చూసుకుని భోజనం రేటు సవరిస్తాం అని. అడిగితే ఇవ్వరేమోనని మీరు అడిగి ఉండరు. అడగండి. పెద్ద కంపెనీల్లో పర్చేజ్ వాళ్లకి ఈ మాట కొత్త కాదు, స్టీలు కొనేటప్పుడు వాళ్లే రాసుకుంటారు.

తెలియనివన్నీ ఒకే గాటన కట్టేయకండి. నేను చేసిన మొదటి పొరపాటు అదే. కొన్ని అసలు తెలియనివే కావు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. నా దగ్గర పెట్టెలు కొనే ఒకాయన సముద్రపు సరుకు మీదే ఆధారపడ్డవాడు, ప్రతి ఏడూ మే నెలలో ఆయన ఆర్డరు తగ్గేది, ప్రతి ఏడూ నేను కంగారుపడేవాణ్ణి. నాలుగేళ్ల తర్వాత మా ఆవిడ క్యాలెండర్ తెచ్చి చూపించింది. మీకూ అలాంటివి ఉన్నాయి. సంక్రాంతికి ఐటీ పిల్లలు ఊళ్లకి వెళ్లిపోతారు, పరీక్షలయ్యాక హాస్టళ్లు ఖాళీ, వాణిజ్య గ్యాస్ సిలిండర్ రేటు ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది. ఇవి అనిశ్చితి కాదు, పంచాంగం. గోడ మీద రాసుకుని వదిలేయండి.

రెండో రకం, వస్తుందని తెలుసు, తేదీ తెలియదు. తుఫాను, నూనె రేటు, వంట మాస్టరు మానేయడం. వీటికి ఇన్సూరెన్సు, చేతిలో కొంత డబ్బు, ఇంకో మనిషి.

మూడో రకమే అసలైనది. దానికి పేరు కూడా అది వచ్చాకే తెలుస్తుంది. ఫ్రాంక్ నైట్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1921లోనే ఈ తేడా చెప్పాడట, లెక్క కట్టగలిగేది రిస్కు, లెక్కకే అందనిది అనిశ్చితి అని. మా అబ్బాయి ఎంబీఏ చదివేటప్పుడు చెప్పాడు. నేను అప్పటికే రెండోదాని దెబ్బలు తిని ఉన్నాను, పేరు తెలిసిందని సంతోషించాను.

హుద్‌హుద్ తుఫాను సంగతి చెప్పాలి, ఇది మీకు పనికొస్తుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. దీపావళి ముందు కాబట్టి స్వీట్ బాక్సుల ఆర్డర్లకీ కలిపి, పెట్టెలు చేసే క్రాఫ్ట్ పేపర్ రీళ్లు షెడ్డు నిండా ఉన్నాయి. పొద్దున్నుంచి గాలి ఒకే వైపు నుంచి కొట్టింది, ఆ వైపు రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. తుఫాను అయిపోయిందనుకుని, ఉన్న నలుగురం కలిసి తడవకుండా మిగిలిన రీళ్లని చెక్కుచెదరకుండా నిలబడ్డ గోడ వైపుకి దొర్లించాం. మా వాచ్‌మన్ తాత, భీమిలి దగ్గర మత్స్యకారుల పల్లెవాడు, గుమ్మంలో నిలబడి "బాబూ, గాలి తిరగబడతాది, కదలకండి" అంటూనే ఉన్నాడు. వినలేదు. తుఫాను కన్ను, అంటే గాలి లేని నడిమధ్య భాగం, మా మీదుగా దాటుతోందని మాకు తెలియదు. గంట గడవకుండానే గాలి సరిగ్గా ఎదురు వైపు నుంచి మొదలైంది, మేం నమ్ముకున్న గోడ పైకప్పే ముందు పోయింది. పొద్దున తడిసినవి పదిహేను రీళ్లైతే, మేం చేతులారా తీసుకెళ్లి తడిపినవి ఇరవై రెండు. రీలు తడిస్తే ఆరబెట్టి వాడుకోవడానికి అది బట్ట కాదు, ఉబ్బి పొరలు విడిపోతుంది, తూకానికి అమ్ముకోవడమే.

ఆ తర్వాత ఇన్సూరెన్సు. పాలసీ ఉంది, అహంకారం కూడా ఉంది. సర్వేయరు వచ్చాక తెలిసింది, స్టాకు విలువ 40 లక్షలుంటే నేను 20కే పాలసీ తీసుకున్నాను, ప్రీమియం మిగులుతుందని. దాన్ని యావరేజ్ క్లాజ్ అంటారు. సగానికే పాలసీ తీసుకుంటే నష్టంలోనూ సగమే ఇస్తారు. నాకు 12 లక్షల సరుకు పోయింది, 12 లక్షలు 20కి లోపలే కదా మొత్తం వస్తుందనుకున్నాను, ఆరు వచ్చాయి. తప్పు వాళ్లది కాదు, కాగితంలో రాసే ఉంది. మీ పాలసీ ఈ రోజే తీసి, ఫ్రీజర్లూ గిన్నెలూ స్టాకూ ఇప్పటి రేటుకి ఎంతవుతాయో పక్కన రాసి చూడండి. మూడేళ్ల కిందటి అంకె ఉంటే అది పనికిరాదు.

సరే, ప్లాన్ ఎలా రాసుకోవాలి? మూడు కాగితాలు చాలు. షెల్ అనే చమురు కంపెనీలో పియర్ వాక్ అనే ఆయన 1970ల మొదట్లో ఇలాగే చేశాడని చెబుతారు. చమురు రేటు ఎంతవుతుందో ఊహించకుండా, అరబ్ దేశాలు సరఫరా బిగిస్తే మనమేం చేయాలి అని కథలాగా ముందే రాసి పై అధికారులకి చెప్పాడు. 1973లో నిజంగానే బిగిసింది, మిగతా కంపెనీల కంటే వాళ్లు తొందరగా తేరుకున్నారు. మనకంత సిబ్బంది లేదు. మనకి "బాగుంటే", "ఇలాగే ఉంటే", "చెడితే" అని మూడు కాగితాలు, ఒక్కోదానికి ఒక పేజీ. వాటిలో అంకెల కంటే ముఖ్యమైనది ఒకటుంది. ఏ గుర్తు కనపడితే ఏ కాగితంలోకి వచ్చామని తెలుసుకోవాలి?

నా "చెడితే" కాగితం 2025లో పనికొచ్చింది. నా అమ్మకాల్లో 60 శాతం పైగా రొయ్యల ఎగుమతిదారులవే, వాళ్ల సరుకులో పెద్ద భాగం అమెరికాకే. ఏప్రిల్‌లో అమెరికా అదనంగా 10 శాతం సుంకం వేసింది, ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న 50 శాతం. ఇవి, మరీ చౌకగా అమ్ముతున్నారని ముందునుంచే వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం పైన. ఐదు నెలల్లో మూడు రేట్లు. ఏ ప్రొజెక్షన్ దీన్ని పట్టుకుంటుంది? నేను 50 శాతం అవుతుందని కలలో కూడా అనుకోలేదు. కానీ నా కాగితంలో సుంకం అన్న మాటే లేదు, ఇలా ఉంది: "పెద్ద కస్టమర్లలో ఇద్దరు ఒకే నెలలో ప్రింటింగ్ బ్లాకు (పెట్టె మీద డిజైను అచ్చువేసే దిమ్మ) మార్పులు ఆపేసినా, లేక పేమెంటు 40 రోజులు దాటినా, అదే వారం పేపరు ఆర్డరు సగానికి కోసేయాలి, రెండో షిఫ్టు ఆపాలి, మందుల కంపెనీలకి రేటు కొంచెం తగ్గించైనా ఆర్డర్లు తేవాలి." ఏప్రిల్ ఆఖర్లోనే ఒకాయన కొత్త బ్రాండు పెట్టెల డిజైను "కొన్నాళ్లు ఆగండి" అన్నాడు. మే రెండో వారంలో ఇంకొకాయన. అంతే, కాగితం తీశాను. ఆగస్టు వచ్చేసరికి నా గోడౌన్‌లో మూడు వారాల పేపరే ఉంది, పక్క షెడ్డాయన దగ్గర మూడు నెలలది ఉంది. ఆయన నాకంటే తెలివైనవాడు, అమెరికా రాజకీయాలు నాకంటే బాగా చెబుతాడు, సమస్య కూడా అదే అయింది, "ఇది బేరం కోసం బెదిరింపు, తగ్గిస్తాడు చూడండి" అని ఎదురుచూశాడు.

గుర్తు అనేది వార్తల్లో వచ్చేది కాకూడదు, మీ లెడ్జర్‌లో, మీ ఫోన్‌లో కనపడేదై ఉండాలి. మీ విషయంలో నేనైతే ఇవి పెట్టుకుంటాను: ఆ ఐటీ కంపెనీ రోజువారీ కౌంటు వరసగా రెండు వారాలు 15 శాతం తగ్గడం, వాళ్ల పేమెంటు 30 రోజుల నుంచి 45కి జరగడం, వాళ్ల అడ్మిన్ మనిషి మారడం. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి, కొత్తగా వచ్చినవాళ్లు మొదటి మూడు నెలల్లో వెండర్లని మారుస్తారు, నేను ముగ్గురిని అలా పోగొట్టుకున్నాను. ప్రతి గుర్తు పక్కనా ఏం చేస్తారో ఇప్పుడే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే రాయండి. అప్పుడు రాద్దామనుకుంటే అప్పటికి ఆశ అడ్డం వస్తుంది.

"బాగుంటే" కాగితానికీ గుర్తులు కావాలి, ఇది చాలామంది మరిచిపోతారు. రోజుకు 30 ఆర్డర్లు చొప్పున మూడు నెలలు వరసగా కాదనాల్సి వస్తే అప్పుడు విస్తరించండి. మీరు ప్రశ్నలో "డిమాండ్ బాగా ఉంది" అన్నారు గానీ ఇప్పటిదాకా ఎన్ని కాదన్నారో రాయలేదు.

ఇప్పుడు పదమూడు వారాల సంగతి. శనివారం సాయంత్రం నాలుగింటికి, ఏ పనున్నా, నేనూ మా అకౌంటెంట్ అమ్మాయీ కూర్చుంటాం. ఒక పెద్ద కాగితం, పదమూడు గళ్లు, ఒక్కో గడి ఒక్కో వారం. పైన ఆ వారం ఖాతాలోకి నిజంగా వచ్చే డబ్బు. బిల్లు వేసిన తేదీ కాదు, ఆ పార్టీ మామూలుగా ఇచ్చే తేదీ. నలభై రోజులకిచ్చేవాడు ముప్పైకి ఇస్తానంటే నలభైకే రాస్తాం. కింద పోయేవి, జీతాలు, జీఎస్టీ, ఈఎంఐ, పేపరు మిల్లు. ఆఖరి వరసలో మిగిలేది. ఏ గడిలో మైనస్ వచ్చినా ఎర్ర పెన్నుతో చుట్టేస్తుంది, ఆ రోజు ఆ చుట్టుకి సమాధానం దొరికేదాకా టీ రాదు. తొమ్మిదో వారంలో మైనస్ కనపడితే ఎనిమిది వారాల టైముంది, ఒకరికి ఫోన్ చేయొచ్చు, ఒక కొనుగోలు ఆపొచ్చు. అదే గడి వచ్చే వారానిదైతే చేబదులే గతి. తర్వాతి శనివారం ఒక గడి కొట్టేసి చివర ఒక గడి కలుపుతాం. మొదటి రెండు నెలలూ లెక్క అస్సలు కుదరదు, వదిలేయబుద్ధేస్తుంది, వదలకండి.

ఈ కాగితం వల్లే 2025 సెప్టెంబర్ దెబ్బ నాకు నెల ముందు కాదు గానీ, ఆ వారమే కనపడింది. సెప్టెంబర్ 22 నుంచి అట్టపెట్టెల మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గింది, అందరూ అభినందనలు చెప్పారు. అదే రోజు పెట్టెకి ముడిసరుకైన క్రాఫ్ట్ పేపరు మీద 18 అయింది. కొనేటప్పుడు 18 కట్టి, అమ్మేటప్పుడు 5 వసూలు చేస్తున్నాం, తేడా రీఫండు వచ్చేదాకా మన డబ్బే ఇరుక్కుంటుంది. లాభనష్టాల పట్టికలో ఇది కనపడదు, గళ్ల కాగితంలో మాత్రం ఆరో వారానికే ఎర్ర చుట్టు పడింది. పన్ను తగ్గిందని విని పేపరు ఎక్కువ కొనబోతున్న నేను ఆగాను.

పేమెంట్ల గురించి ఒక మాట. మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) లేకపోతే ఈ వారమే చేయించుకోండి, ఉచితం, ఏ ఏజెంటుకీ డబ్బివ్వకండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి కొనుగోలుదారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులోనూ దీన్ని కలిపారు, గడువు దాటించి మార్చిలోగా ఇవ్వకపోతే ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలో వాళ్లకి చెల్లదు. అందుకే ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెద్ద కంపెనీల అకౌంట్సు వాళ్లే మనకి ఫోన్ చేస్తున్నారు. అలాగని బిల్లు ఆలస్యమైన ప్రతిసారీ చట్టం పేరెత్తకండి. నేను ఒక్కసారే ఫిర్యాదు దాకా వెళ్లాను, డబ్బు వచ్చింది, కస్టమర్ పోయాడు. పోతాడని తెలిసే వెళ్లాను. బిల్లు కింద ఉద్యం నంబరు ముద్రించి ఉంచండి, ఆ మాట అదే చెప్పుకుంటుంది.

ఇక మీరు అసలు రాయని, కానీ ఆనందపురం అన్నప్పుడే నాకు అర్థమైన విషయం. తర్లువాడ వైపు గూగుల్ డేటా సెంటర్ వస్తుందని, రుషికొండ వైపు ఐటీ కంపెనీలకి ఎకరం 99 పైసలకి ఇచ్చారని, అటు జనం పోటెత్తుతారని మీ లెక్క. 2025 అక్టోబర్‌లో గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ఒప్పందం చేసుకున్న మాట నిజం. వస్తుందనే నేనూ నమ్ముతున్నాను. కానీ డేటా సెంటర్ కట్టేటప్పుడు వేలమంది కూలీలు ఉంటారు, కట్టాక లోపల యంత్రాలుంటాయి, మనుషులు చాలా తక్కువ. మీది 80 రూపాయల ఆఫీసు భోజనం. కట్టేటప్పటి గిరాకీ వేరే రేటు, వేరే రుచి, చాలాచోట్ల కాంట్రాక్టరే క్యాంపులో సొంతంగా వంట పెడతాడు. దాని కోసమే అయితే రెండేళ్లకి తీసేయగలిగే షెడ్డు చాలు, ఏడేళ్ల లోను దేనికి?

ఇదంతా అనుభవం మీదే చెబుతున్నాను. భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరగగానే నేను తగరపువలస దాటాక ఒక గోడౌన్ ఐదేళ్ల లీజుకి తీసుకున్నాను, కార్గో వస్తుంది, పెట్టెలు కావాలి కదా అని. 2023 మేలో అదే ఎయిర్‌పోర్టుకి రెండోసారి శంకుస్థాపన జరిగింది. అప్పటికి నేను యాభై నెలల అద్దె కట్టి ఉన్నాను, గోడౌన్‌లో మా తమ్ముడి పెళ్లి షామియానాలు తప్ప ఏమీ లేవు. ఎయిర్‌పోర్టు వస్తుందన్నది తప్పు కాదు, ఎప్పుడన్నది నా చేతిలో లేనప్పుడు మధ్యలో వదులుకోవడానికి వీల్లేని లీజు రాసుకోవడం తప్పు. ఏ నిర్ణయమైనా తీసుకునేముందు, ఇది తప్పని తేలితే వెనక్కి రావడానికి ఎంత ఖర్చవుతుంది అని ఒక అంకె రాయండి. కొత్త మెనూకి ఆ అంకె వెయ్యి రూపాయలు, దానికి ఆలోచన దండగ, రేపే మొదలెట్టండి. కొత్త వ్యానుకి లక్షన్నర. మీ వంటశాలకి, కట్టి రెండేళ్లకి అమ్మాల్సొస్తే, నా అంచనాలో 15 లక్షల పైనే. గచ్చు, డ్రైనేజీ, ఎగ్జాస్టు గొట్టాల మీద పెట్టింది ఎవరూ తిరిగివ్వరు.

అయితే పెరగొద్దా? పెరగండి, ముక్కలుముక్కలుగా. ఫంక్షన్ హాళ్ల గురించి ఆలోచించారా? ఆనందపురం రోడ్డు పొడుగునా ఉన్నాయి. ముహూర్తాలు లేని రోజుల్లో, ఆషాఢంలో, మూఢంలో వాటి వంటగదులు ఊరికే పడి ఉంటాయి. పెద్ద పొయ్యిలు, నీళ్లు, డ్రైనేజీ అన్నీ సిద్ధం. వారపు రోజుల్లో పొద్దున నాలుగు నుంచి పదకొండు దాకా అద్దెకి అడగండి, నెల నోటీసుతో. పెళ్లి ఉన్న రోజు మీరు పాత వంటశాలలోనే సర్దుకోవాలి, కాబట్టి ముహూర్తాల జాబితా వాళ్ల దగ్గర ముందే తీసుకోవాలి, రోజుకు 150 భోజనాలకి మించి అక్కడ ఒప్పుకోకూడదు. ఒక్క నాలుగు లక్షల్లో ఆ వైపు నిజంగా గిరాకీ ఉందో లేదో ఆర్నెల్లలో తేలిపోతుంది. లేకపోతే గిన్నెలు ఎత్తుకుని వచ్చేయడమే. మీ పాత వంటశాలలో సాయంత్రం షిఫ్టు కూడా ఖాళీగానే ఉంది కదా, హాస్టళ్లకి రాత్రి భోజనం ఇస్తున్నారో లేదో మీరు రాయలేదు.

ఇంకొకటి చేయండి, ఖర్చు లేనిది. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు చెప్పిన పద్ధతి, నేను దీన్ని ముందే పోస్టుమార్టం అంటాను. మాస్టర్నీ, డెలివరీ కుర్రాళ్లలో ఒకణ్ణీ, లెక్కలు చూసేవాళ్లనీ కూర్చోబెట్టి, "వచ్చే దసరాకి మన వంటశాల మూతపడింది అనుకోండి, ఎందుకు మూతపడింది?" అని అడగండి. "మూతపడుతుందా" అని అడిగితే ఎవరూ నోరు విప్పరు, మూతపడింది అని చెప్పి అడిగితే తలా ఒకటి చెబుతారు. మా దగ్గర చేసినప్పుడు నేను బ్యాంకు, పేపరు రేటు, అమెరికా అని రాసుకుని కూర్చున్నాను. స్టిచింగ్ మిషను నడిపే అమ్మాయి, పన్నెండేళ్లుగా ఉన్నది, "బాయిలర్ మావయ్యకి చూపు సరిగ్గా ఆనట్లేదు సార్, గేజీ మేమే చదివి చెబుతున్నాం" అంది. ఆర్నెల్లుగా జరుగుతోందట. మీ దగ్గర మొదట వచ్చే జవాబు మాస్టరు గురించే అయ్యుంటుందని నా అనుమానం. సాంబారు పొడి కొలత ఆయన చేతిలో ఉందా, కాగితం మీద ఉందా?

బ్యాంకు కాగితం మాటకొస్తే, అది అబద్ధమని అనుకోకండి, అలాగని దాన్ని నమ్మకండి కూడా. వాళ్లకి కావాల్సింది వాయిదా కట్టగలరా లేదా అన్నది, మీ మిగులు వాయిదాకి ఒకటిన్నర రెట్లయినా ఉందా అని చూస్తారు. మీ ఇప్పటి అంకెలతో 80 వేలకి 65 వేలు, ఒకటింపావు కూడా లేదు, అంటే చార్టర్డ్ అకౌంటెంట్ ఏటా ఇరవై శాతం పెరుగుదల వేసి దాన్ని నిలబెడతాడు. ఆ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందని బ్యాంకు మేనేజరు అడగకపోవచ్చు, మీరు అడగండి. ఎలాగూ బ్యాంకుకి వెళ్తున్నారు కాబట్టి టర్మ్ లోను బదులు ఐదారు లక్షల ఓడీ లిమిట్ (ఓవర్‌డ్రాఫ్ట్, అవసరమైనప్పుడు మాత్రమే ఖాతాలోంచి తీసుకునే అప్పు) అడగండి, వాడకపోయినా సరే. లెక్కలు బాగున్నప్పుడు అడిగితే ఇస్తారు, ఆ కంపెనీ పోయాక అడిగితే మీ ముఖం చూసే పద్ధతే మారిపోతుంది.

నా మాటలో తప్పుండే అవకాశం ఒకచోట ఉంది. ఆ ఐటీ కంపెనీ మీతో మూడేళ్ల కాంట్రాక్టు, నెలకు ఇన్ని భోజనాలకి తగ్గకుండా బిల్లు కడతామన్న హామీతో రాసిస్తే, పైన రాసిన లెక్క మొత్తం మారుతుంది, అప్పుడు లోనుకి నేనే సంతకం పెట్టమంటాను. అడిగారా ఎప్పుడైనా? అడిగితే ఏమన్నారో, నోటీసు పీరియడ్ ఎన్ని రోజులుందో ఇక్కడే రాయండి. ఆదివారం చూస్తాను, శనివారం మా ఎర్ర పెన్ను ఉంటుంది.